అట్ట మీద ఎవరి పేరు? గోదావరి డెల్టాలో చేతి నోట్‌బుక్కుల హోల్‌సేల్ లెక్క

ఆత్రేయపురంలో బోర్లించిన కుండ మీద రేకు తీసేది ఒకరు. ఆ రేకులో నెయ్యి రాసి, బెల్లం తురుము చల్లి చుట్టేది చాలాసార్లు ఇంకొకరు. పెట్టె మీద అచ్చయ్యే పేరు మరొకరిది. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది, ఊరి పేరుకు రక్షణ దొరికింది. సంతోషించాల్సిన విషయమే. కానీ పొగలో కూర్చుని రేకు తీసే మనిషి పేరు పెట్టె మీద వెతికితే కనిపించదు.

నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల లేసు అల్లకం కథ ఇంకా పాతది. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన ఆ పని ఇంటింటికీ పాకింది. 1970ల చివర్లో జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ ఇక్కడికొచ్చి ఆ పనిని అధ్యయనం చేశారు. లేసు విదేశాలకు పోతున్నా, అల్లే ఆడవాళ్లను అందరూ ఇంట్లో ఖాళీ టైములో ఏదో అల్లుకునే గృహిణులుగానే చూస్తున్నారని, కూలి అంత అన్యాయంగా ఉండడానికి ఆ చూపే ఒక కారణమని ఆమె తేల్చారు. 2024లో ఈ లేసుకూ జీఐ వచ్చింది. ఇక్కడా గుర్తింపు దక్కింది ఊరి పేరుకే.

అదే గోదావరి ఒడ్డున రాజమండ్రిలో ఇంకో దారి కనిపిస్తుంది. స్వదేశీ వస్తువు చేయాలన్న గాంధీజీ మాట పట్టుకుని కె.వి. రత్నం 1932లో చేతితో ఫౌంటెన్ పెన్నులు చేయడం మొదలుపెట్టారు. 1935 జులైలో గాంధీజీ ఆ పెన్ను వాడి చూసి, బజారులో దొరికే విదేశీ పెన్నులకు బదులు ఇది బాగానే పనికొస్తుందని ఉత్తరం రాశారు. పెన్నును ఆయనకు చేర్చింది అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘానికి చెందిన కుమారప్ప. చేతి కాగితం తయారీని ప్రోత్సహించిందీ ఆ సంఘమే. ఇన్నేళ్ల తర్వాత కూడా రాజమండ్రి వెళ్లినవాళ్లు ఎబొనైట్ (గట్టి రబ్బరు) పెన్ను కావాలని అడగరు. రత్నం పెన్ను కావాలంటారు. చేసినవాళ్ల పేరే సరుకు పేరైంది.

ఇంట్లో ఒక గదిలో నోట్‌బుక్కులు కుట్టి, గుడ్డ అట్టల డైరీలు, చేతి కాగితం కవర్లు, లేసు బుక్‌మార్కులు చేసి అమ్మేవాళ్ల ముందు ఈ రెండు దారులూ ఉన్నాయి. తెలిసినవాళ్లకు, ఇన్‌స్టాగ్రామ్‌లో అడిగినవాళ్లకు అమ్ముతున్నంత కాలం ఆ తేడా పెద్దగా తెలియదు. ఒక షాపు నుంచి వంద పుస్తకాల ఆర్డర్ వచ్చిన రోజున తెలుస్తుంది. సరుకు మీద తమ పేరు, ఆ పేరు వెనక ఒక కారణం లేకుండా హోల్‌సేల్‌లోకి దిగితే మిగిలేది జాబ్ వర్కు, అంటే ఇంకొకరి పేరు మీద కూలికి చేసే పని. "ఇలాంటిదే ఇంకొకళ్లు పది రూపాయలు తక్కువకిస్తున్నారండీ" అని షాపతను అన్నప్పుడు చెప్పడానికి ఒక జవాబు ఉండాలి. బ్రాండ్ అంటే ఆ జవాబే. లోగో, రంగులు, రిబ్బన్లు దాని తర్వాత.

ఆ జవాబు ఎక్కడ దొరుకుతుంది? ఒకటి కళ్లముందే ఉంది, ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. బజారులో దొరికే గీతల పుస్తకాల్లో గీతకూ గీతకూ మధ్య దాదాపు 8 మిల్లీమీటర్లు ఉంటుంది. ఇంగ్లిష్ రాతకు అది చాలు. అదే పేజీలో 'రాష్ట్రం', 'స్త్రీ', 'లక్ష్మి' అని వరసగా రాసి, వాటి కింది గీతలో 'కీర్తి', 'చిన్ని' రాసి చూడాలి. పై వరస ఒత్తులు కిందికి దిగుతాయి, కింది వరస గుడులు పైకి లేస్తాయి, రెండూ ఒకదానిమీద ఒకటి పడతాయి. చేతిరాత బాగోలేదని పిల్లలు తిట్లు తినడంలో కొంత పాపం ఈ గీతలది కూడా. గీతల మధ్య 10 మిల్లీమీటర్లు ఇస్తే అక్షరానికి ఊపిరి ఆడుతుంది. ఏ5 సైజు పేజీలో నాలుగైదు వరసలు తగ్గుతాయి, అంతే. 'తెలుగు రాత కోసం గీసిన పుస్తకం' అని అట్ట వెనక ఒక్క వాక్యం వేస్తే, ఆ మాట నిజమో కాదో కొనేవాళ్లు పేజీ తెరిచి అక్కడికక్కడే చూసుకోవచ్చు.

సిరా విషయం కూడా ఇలాంటిదే. నూలు గుడ్డ ముక్కల నుంచి చేసిన కాగితం చూడ్డానికి ఎంత అందంగా ఉన్నా, దానికి గంజో జిలాటినో పట్టించి సైజింగ్ చేయకపోతే సిరాను అద్దుడు కాగితంలా పీల్చేస్తుంది. ఫౌంటెన్ పెన్నుతో ఒక గీత గీసి భూతద్దంతో చూస్తే సిరా పీచుల వెంట ఈగ కాళ్లలా పాకి ఉంటుంది. పేజీ తిప్పితే వెనక్కి దిగి ఉంటుంది. పెన్నులు చేసే ఊరి పక్కన కూర్చుని పెన్నుకు పనికిరాని పుస్తకం అమ్మడం బాధాకరం. కాగితం కొనేముందు సరఫరాదారు దగ్గర నాలుగు షీట్లు తెప్పించుకుని, ఫౌంటెన్ పెన్ను, జెల్ పెన్ను, బాల్ పెన్ను మూడింటితోనూ రాసి చూడాలి. ఆ పరీక్ష పేజీని అలాగే దాచి, షాపుకు శాంపిల్ తీసుకెళ్లినప్పుడు చూపిస్తే మాటల కంటే బాగా పనిచేస్తుంది.

ఇక్కడ నిజాయితీకి సంబంధించిన మాట ఒకటి ఉంది. చేతి కాగితం వేరు, చేత్తో కుట్టిన పుస్తకం వేరు. మిల్లు కాగితంతో కుట్టిన పుస్తకానికి సిగ్గుపడాల్సిన పని లేదు, రాతకు చాలాసార్లు అదే నయం. కానీ లేబుల్ మీద రెండింటినీ కలిపేసి 'హ్యాండ్‌మేడ్ పేపర్' అని వేస్తే ఆ పేరు ఎక్కువ రోజులు నిలవదు. లోపల ఏ కాగితం, ఎన్ని జీఎస్ఎం (చదరపు మీటరుకు ఎన్ని గ్రాముల బరువు), అట్ట మీద గుడ్డ ఏ ఊరి మగ్గానిది, ఎవరు కుట్టారు, ఈ నాలుగూ ఉన్నదున్నట్టు రాస్తే చాలు.

డెల్టా గాలి కూడా ఈ వ్యాపారంలో భాగస్వామే. ఆషాఢం, శ్రావణం నెలల్లో తేమకు అట్టలు వంకరపోతాయి, మైదా జిగురుకు బూజు పడుతుంది. పాత బైండర్లు జిగురు ఉడికేటప్పుడు చిటికెడు మైలుతుత్తం వేసేది పురుగు పట్టకుండా ఉండాలనే. అది విషం కనుక పిల్లలకు అందకుండా పెట్టుకోవాలి. అట్ట వంకరపోవడానికి ఇంకో కారణం కాగితం పీచు వాటం. షీటును నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి మడవకుండా వంచి చూస్తే, ఒక వైపు మెత్తగా వంగుతుంది, ఇంకో వైపు ఎదురుతిరుగుతుంది. మెత్తగా వంగినప్పుడు పడే వంపు గీత వెంటే పుస్తకం వెన్ను ఉండాలి. అది తప్పితే ఎంత బరువు పెట్టి ఆరబెట్టినా పుస్తకం మూత నోరు తెరుచుకునే ఉంటుంది. ఒక్క పుస్తకమైతే స్నేహితురాలు సర్దుకుంటుంది. వందలో ముప్పై అలా ఉంటే షాపు మొత్తం కట్ట వెనక్కి పంపుతుంది. హోల్‌సేల్‌లో వందో పుస్తకం మొదటి పుస్తకంలా ఉండడం అందం కంటే ముఖ్యం.

గుడ్డ విషయంలో ఈ చిక్కు ఇంకా ఎక్కువ. బండారులంక చీర ముక్కతోనో పెడన కలంకారీ ముక్కతోనో చేసిన శాంపిల్ చూసి షాపు అరవై కావాలంటుంది. ఆ ముక్క నాలుగు పుస్తకాలకే అయిపోయి ఉంటుంది. అందుకే అమ్మేటప్పుడే 'చారల వరస', 'పువ్వుల వరస' అని పేరు పెట్టి, రంగు, డిజైన్ ఏ పుస్తకానికి ఆ పుస్తకమే అని ధరల కాగితం మీద రాసేయాలి. అప్పుడు తేడా లోపంగా కాకుండా ఆ వరస లక్షణంగా కనిపిస్తుంది.

పేరు పెట్టడంలో అందరి చెయ్యీ గోదావరి మీదికో కోనసీమ మీదికో పోతుంది. ఊరిమీద ప్రేమ ఉన్నవాళ్లకు అది సహజం. అయితే పచ్చళ్లకు ఆ పేరే, హోటళ్లకు ఆ పేరే, స్వీట్లకూ అదే. పైగా 1999 ట్రేడ్‌మార్క్ చట్టం ప్రకారం, సరుకు ఏ ప్రాంతానిదో చెప్పే మాట ఒక్కదాన్నే ఒకరి సొంతంగా రిజిస్టర్ చేయించుకోవడం కష్టం. ఊరిని పేరులో కాకుండా పేరు కింద పెట్టుకోవడం మేలు. దస్తా, గంటం, ఆకు, మడత లాంటి మాటల్లో ఒకటి తీసుకుని దానికి తమదైన మాట జోడిస్తే వినగానే గుర్తుంటుంది. ట్రేడ్‌మార్క్ వర్గీకరణలో స్టేషనరీ 16వ తరగతి కిందికి వస్తుంది. వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఆన్‌లైన్ దరఖాస్తు ఫీజు 4,500 రూపాయలు. రిజిస్ట్రేషన్ పదేళ్లు చెల్లుతుంది, తర్వాత పొడిగించుకోవచ్చు. దరఖాస్తు చేశాక టీఎం అని వేసుకోవచ్చు కానీ, రిజిస్ట్రేషన్ రాకముందే వృత్తంలో ఆర్ గుర్తు వేయడం నేరం. ఇంకో చిన్న సంగతి: పేరును రబ్బరు స్టాంపుగానో చెక్క అచ్చుగానో చేయించేటప్పుడు ఒత్తుల మధ్య ఖాళీ సిరాతో పూడిపోతుంది. ఒత్తులు తక్కువున్న పేరు చిన్న అచ్చులో కూడా తేటగా పడుతుంది.

అసలు చాలామంది దెబ్బతినేది ధర దగ్గర. ఒక ఏ5 నోట్‌బుక్కు లెక్క చూద్దాం. అంకెలు ఉదాహరణకే, ఎవరి లెక్క వాళ్లు వేసుకోవాలి. లోపలి కాగితం 36 రూపాయలు, అట్టలు, గుడ్డ 28, దారం, జిగురు, రిబ్బను 8, లేబులు, కవరు 12. మొత్తం సామాను 84. 'ఇంట్లోనే చేస్తున్నాను కదా' అనుకుని 200కు అమ్మితే 116 మిగిలినట్టు అనిపిస్తుంది. షాపు వచ్చి 40 శాతం అడుగుతుంది. గిఫ్టు షాపులు, పుస్తకాల షాపులు 30 నుంచి 50 శాతం దాకా అడగడం మామూలే. 200లో 40 శాతం పోతే 120 చేతికొస్తుంది. సామాను తీస్తే 36. కరెంటు, రవాణా, పాడైన ముక్కలు, ఉచిత శాంపిళ్లు కలిపి పుస్తకానికి 16 అనుకుంటే 20 మిగులుతుంది. ఫారాలు మడవడం, దబ్బనంతో గుచ్చడం, కుట్టడం, అట్ట అంటించడం కలిపి 45 నిమిషాల పని. అంటే గంటకు 27 రూపాయలు కూడా లేదు. నరసాపురం లేసు కథలోకి నడిచి వెళ్లడమంటే ఇదే. కాకపోతే ఇక్కడ దళారీ ఎవరూ లేరు, మన ధర మనమే అలా పెట్టుకున్నాం.

లెక్క రెండో వైపు నుంచి మొదలవ్వాలి. సామాను 84, పని గంటకు 80 చొప్పున 60, ఇతర ఖర్చులు 16, మొత్తం 160. వ్యాపారం నిలబడడానికి, కొత్త కాగితం కొనడానికి, ఒక ఆర్డర్ మునిగినా తట్టుకోవడానికి ఇంకో 50 కలిపితే 210. ఇది హోల్‌సేల్ ధర. దీని కిందికి ఎవరికీ దిగకూడదు. షాపుకు 40 శాతం వదిలితే ఎమ్మార్పీ 350 అవుతుంది. ఈ 350 చూసి భయపడేవాళ్లు ఉంటారు. ఆ ధరకు పోదనిపిస్తే చేయాల్సింది మార్జిన్ కొయ్యడం కాదు, పుస్తకాన్ని మార్చడం. పేజీలు తగ్గించొచ్చు, కుట్టు సులువు చేయొచ్చు, గుడ్డ అట్టకు బదులు మందపాటి కాగితం వేయొచ్చు. అయినా పోకపోతే ఆ పుస్తకం హోల్‌సేల్‌ది కాదని ఒప్పుకుని, ఎగ్జిబిషన్లలో నేరుగా అమ్ముకోవడానికి ఉంచుకోవాలి.

శాతాల మాటలో ఒక మెలిక కూడా ఉంది. షాపతను 40 శాతం అన్నప్పుడు అది ఎమ్మార్పీ మీద. 350లో 140. అదే అతను కొన్న 210 మీద లెక్కిస్తే 66 శాతం దాటుతుంది. మన ధర మీద 40 శాతం కలుపుకుంటాడని మనమూ, ఎమ్మార్పీలో 40 శాతం వదులుతారని అతనూ అనుకుంటే మొదటి బిల్లు దగ్గరే గొడవ. శాతం బదులు రూపాయల్లో మాట్లాడుకుంటే ఈ టెన్షన్ ఉండదు.

ఎమ్మార్పీ 350 అని షాపులో పెట్టించి, ఆదివారం స్టాల్‌లో 250కి అమ్మడం ఇంకో తప్పు. అమలాపురం షాపులో కొన్నవాళ్లు అదే పుస్తకాన్ని స్టాల్‌లో వంద తక్కువకు చూస్తే ముందు షాపును తిడతారు, తర్వాత షాపు మనల్ని మానేస్తుంది. నేరుగా అమ్మేటప్పుడు కూడా ధర అదే ఉంచి, అక్కడ మిగిలేదాన్ని స్టాలు అద్దెకూ దారి ఖర్చులకూ వాడుకోవాలి. తగ్గించాలనిపిస్తే ఒక లేసు బుక్‌మార్కు కలిపి ఇవ్వొచ్చు.

షాపులకు వెళ్లేటప్పుడు స్కూలు పుస్తకాలమ్మే మెయిన్ రోడ్డు షాపు కంటే ఎవరైనా ఎవరికైనా కానుక కొనే చోటు వెతకాలి. చీరల షోరూములు, దిండి వైపు రిసార్టులు, కడియం నర్సరీలకు వచ్చే సందర్శకులు ఆగే దుకాణాలు, పెళ్లిళ్లకు రిటర్న్ గిఫ్టులు సరఫరా చేసేవాళ్లు, ఆస్పత్రులు, ఆడిటర్ల ఆఫీసులు. చేతిలో ఒకే ఒక్క కాగితం ఉండాలి: ఫొటోలు, సైజు, హోల్‌సేల్ ధర, ఎమ్మార్పీ, కనీసం ఎన్ని తీసుకోవాలి, ఎన్ని రోజుల్లో ఇస్తాం, రవాణా ఎవరిది. కనీస ఆర్డర్ పన్నెండో ఇరవై నాలుగో పెడితే చిన్న షాపు కూడా ధైర్యం చేస్తుంది.

'పెట్టి వెళ్లండి, అమ్మితే డబ్బులిస్తాం' అనే పద్ధతి మొదటిసారికి ఒప్పుకోదగ్గదే. అలా పెట్టినప్పుడు చీటీ మీద సంతకం, సంఖ్య, ఎన్ని రోజుల తర్వాత లెక్క చూస్తామన్నది ఉండాలి. మాసిన, అట్ట నలిగిన పుస్తకం ఎవరి నష్టమన్నది కూడా అక్కడే రాసుకోవాలి. రెండో ఆర్డర్ నుంచి సగం ముందే తీసుకోవాలి. గోదావరి జిల్లాల్లో మొహమాటం ఎక్కువ. 'మనవాళ్లే కదండీ, ఎక్కడికి పోతారు' అనే మాట మీద ఎన్ని ఖాతాలు మునిగాయో పాత కిరాణా కొట్ల చిట్టా పుస్తకాలు చెబుతాయి.

బాకీ వసూలుకు చట్టం కొంత ఊతమిస్తుంది. చిన్న పరిశ్రమలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, ఆన్‌లైన్‌లో అయిపోతుంది. అది ఉన్న చిన్న తయారీదారుకు కొనుగోలుదారు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు చెల్లించాలి. ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడింతల చొప్పున చక్రవడ్డీ పడుతుంది. గడువు దాటిన బాకీని కొన్న సంస్థ చెల్లించేదాకా ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగా చూపుకోలేదు. ఈ చివరి సంగతి ఆ సంస్థ ఆడిటర్‌కు బాగా తెలుసు. అందుకే బిల్లు మీద ఉద్యమ్ నంబరు అచ్చు వేయించడం ఒక్కటే కొన్నిసార్లు గుర్తుచేసే ఫోన్ కాల్ పని చేస్తుంది.

జీఎస్టీ దగ్గర డెల్టా వాళ్లకు ఒక ప్రత్యేకమైన చిక్కుంది. ఆంధ్రప్రదేశ్‌లో సరుకులు అమ్మేవాళ్లకు ఏడాదికి 40 లక్షల టర్నోవర్ దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ 2014 జూన్ 2 తర్వాత హైదరాబాద్ షాపుకు పంపే పార్సిల్ ఇంకో రాష్ట్రానికి వెళ్తున్నట్టు. పన్ను పడే సరుకు రాష్ట్రం దాటితే మామూలుగా ఆ పరిమితి వర్తించదు. కొన్ని హస్తకళా వస్తువులకు మినహాయింపు ఉంది, తమది ఆ జాబితాలో ఉందో లేదో ఆడిటర్‌ను అడిగి తేల్చుకోవాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి నోట్‌బుక్కుల మీద పన్ను సున్నా అయింది. డైరీలు, లెటర్ ప్యాడ్‌లు, రిజిస్టర్లు మాత్రం 18 శాతంలోనే ఉన్నాయి. లేబుల్ మీద ఏ మాట వాడుతున్నామన్నది ఇక్కడ డబ్బుతో ముడిపడిన విషయం. పన్ను లేని నోట్‌బుక్కు మీద ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్న సామానుకు కట్టిన పన్నును సర్దుబాటు చేసుకునే వీలు) రాదు కనుక, అట్టకూ గుడ్డకూ కట్టిన జీఎస్టీ ఆ 84 రూపాయల్లో కలిసే ఉండాలి.

సీజన్ల సంగతి ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. పెళ్లిళ్లు మూఢంలో ఆగుతాయి, ఆషాఢంలో ఆగుతాయి. ఆ ఖాళీలోనే డిసెంబరు డైరీలకూ సంక్రాంతి కానుకలకూ ఫారాలు మడిచి, కుట్టి ఉంచుకుని, అట్టలు మాత్రం వానలు తగ్గాక వేసుకోవచ్చు. 2027లో గోదావరి పుష్కరాలున్నాయి. లక్షల మంది వచ్చే ఆ పన్నెండు రోజులకు కుట్టు పని ఏడాది ముందు నుంచే మొదలుకావాలి. నదికి వచ్చినవాళ్లు ఇంటికి తీసుకెళ్లేది చెంబులో నీళ్లతో పాటు ఇక్కడి కాగితం కూడా కావచ్చు.

కొంచెం పేరు వచ్చాక తప్పకుండా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. ఒక పెద్ద షోరూమో రిసార్టో ఐదు వందల పుస్తకాలు అడుగుతుంది, అట్ట మీద మాత్రం తమ పేరే ఉండాలంటుంది. డబ్బు ముందే ఇస్తామంటుంది. వద్దనడం అందరికీ సాధ్యం కాదు. పుస్తకానికి 45 నిమిషాల లెక్కన ఆరుగురు ఆడవాళ్లకు దాదాపు ఎనిమిది రోజుల పని అది. ముందే ప్యాక్ చేసి అమ్మే వస్తువు మీద తయారీదారు పేరు, చిరునామా ఉండాలని 2011 నాటి తూనికలు, కొలతల నిబంధనలు చెబుతున్నాయి. కానీ ఆ వివరాలు పడేది చించి పారేసే కవరు మీద. బేరం అక్కడ ఆగకూడదు. అట్ట మీద వాళ్ల పేరుకు ఒప్పుకుని, చివరి పేజీ లోపలి అట్ట మీద, జిగురు ఆరాక వేసే చిన్న స్టాంపు ఒకటి అడగాలి: కుట్టిన సంస్థ పేరు, ఊరు, పుస్తకం వరస సంఖ్య. వేరే ఏ షరతు దగ్గర సర్దుకున్నా ఆ స్టాంపును వదులుకోకూడదు. పుస్తకం నిండి, ఇంకోటి కావాలని చివరి పేజీ తిప్పి చూసేవాళ్లకు కనిపించేది అదే.